ఆకుముడతను చూసేది కూలీ, మందు నిర్ణయించేది షాపు

ముసురు పట్టి, గాలిలో తేమ పెరిగి, వరి దుబ్బు కట్టి పచ్చగా కమ్ముకున్న రోజుల్లో పల్లెల్లో ఒక మాట వినిపిస్తుంది: "చేలో ఆకుముడత పడింది." ఆ తర్వాత జరిగేది చాలా ఊళ్లలో ఒకటే. తెల్లబడిన నాలుగు ఆకులు తెంపి మందుల షాపుకు పట్టుకెళ్తారు. షాపతను ఒక డబ్బా ఇస్తాడు, దాంతో పాటు "కలిపి కొట్టండి" అని ఇంకో డబ్బా అంటగడతాడు. మరుసటి పొద్దున్నే తైవాన్ పంపు వీపుకు తగిలించుకుని ఒక మనిషి చేలోకి దిగుతాడు. ఆ మనిషి ఏ వాడ నుంచి వస్తాడో మనకు తెలుసు.

పురుగుల సంగతి వ్యవసాయ శాఖ చూసుకుంటుంది, దళిత ఉద్యమానికి దానితో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. చేలోకి దిగి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కలుపు తీస్తూ, ఎరువు చల్లుతూ, నీళ్లు కడుతూ పురుగును అందరికంటే ముందు చూసేది కూలీలు. మందు కొట్టాలా వద్దా అని తేల్చేది భూమి ఉన్నవాడూ, షాపువాడూ. కొట్టేది మళ్లీ కూలీ. కులం పనిని మాత్రమే పంచదు, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే విశ్లేషించారు. వరి చేలో ఆ మెట్లు ఈ రోజుకీ కనిపిస్తాయి. చూసిన కంటికి నిర్ణయంలో చోటు లేదు. నిర్ణయించిన చేతికి విషం అంటదు.

అందుకే ఈ పురుగును గుర్తుపట్టడం ఎలా, ఎప్పుడు మందు కొట్టాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్న విషయాలు రైతు శిక్షణ పుస్తకాల్లోనే ఉండిపోకూడదు. వాటిని కూలీల హక్కుల కోణంలోనూ చదవాలి.

పురుగును గుర్తుపట్టడం

ఆకుముడత పురుగును కొన్ని చోట్ల ఆకుచుట్టు పురుగు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం నఫలోక్రోసిస్ మెడినాలిస్. తల్లి పురుగు చిన్న రెక్కల పురుగు. ఎండుగడ్డి రంగు రెక్కలు, వాటి మీద ముదురు రంగు వంకర గీతలు, అంచు వెంట ముదురు పట్టీ ఉంటాయి. చేలో నడుస్తుంటే కాళ్ల దగ్గర నుంచి లేచి కొద్ది దూరం ఎగిరి మళ్లీ ఆకుల్లో దాక్కుంటుంది. ఆకుల మీద గుడ్లు పెడుతుంది, అవి వారం లోపే పొదుగుతాయి. బయటికొచ్చిన లేత ఆకుపచ్చ పురుగు ఆకు రెండు అంచులను దారంతో కలిపి కుట్టి గొట్టంలా చేసుకుంటుంది. ఆ గొట్టంలో దాక్కుని పచ్చటి భాగాన్ని గోకి తింటుంది. పైపొర మాత్రమే మిగలడంతో ఆకు మీద నిలువుగా తెల్లటి చారలు వస్తాయి. ఒక్కో పురుగు ఒక ఆకుతో ఆగదు, మూడు నాలుగు ఆకులు పాడుచేస్తుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా మొత్తం బతుకు సుమారు నెల రోజులు.

ఇక్కడే తరచూ పొరపాటు జరుగుతుంది. ఆకు తెల్లబడిన ప్రతిసారీ అది ఆకుముడత కాదు. తాటాకు తెగులు అని మనం పిలిచేది కూడా నిజానికి పురుగే. ఒంటి నిండా ముళ్లున్న చిన్న నల్లటి పెంకు పురుగు ఆకును గోకితే సన్నటి తెల్ల గీతలు పడతాయి, కానీ ఆకు ముడుచుకోదు. గొట్టాల పురుగు ఆకును కత్తిరించి చిన్న చిన్న గొట్టాలు చేసుకుంటుంది. ఆ గొట్టాలు నీళ్ల మీద తేలుతూ కనిపిస్తాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఆకు ఎండు తెగులులో ఆకు కొన నుంచి అంచుల వెంట గడ్డి రంగుకు మారుతూ కిందికి ఎండుకొస్తుంది. దానికి ఏ పురుగుమందూ పనిచేయదు. అయినా "ఆకు తెల్లబడింది" అన్న ఒక్క మాట మీద షాపులో మందు అమ్ముడవుతుంది. తప్పుగా గుర్తించినందుకు డబ్బు పోయేది కౌలుదారుకు, ఆరోగ్యం పోయేది పంపు మోసినవాడికి.

తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ముడుచుకున్న ఆకును వేళ్లతో విప్పి చూడాలి. లోపల పురుగు ఉందా, దాని పెంట మాత్రమే ఉందా, ఖాళీ గొట్టమేనా? గొట్టం ఖాళీగా ఉంటే పురుగు ఇంకో ఆకుకు వెళ్లిందో, పక్షులూ సాలీళ్లూ తినేశాయో, రెక్కలొచ్చి ఎగిరిపోయిందో చూసుకోవాలి. చేనంతా తెల్లగా కనిపించినా పురుగు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆ తర్వాత కొట్టే మందు దండగ. అలాంటి పిచికారీలు ప్రతి సీజన్‌లోనూ జరుగుతున్నాయి.

ఎప్పుడు ఆగొచ్చు

చేను మొత్తం తెల్లబడితే గుండె ఆగినంత పనవుతుంది. కానీ వరి మొక్కకు తట్టుకునే శక్తి మనం అనుకునే దానికంటే ఎక్కువ. నాటిన తొలి నలభై రోజుల్లో కొన్ని ఆకులు పోయినా మొక్క కొత్త ఆకులు, కొత్త పిలకలు వేసి ఆ లోటు పూడ్చుకుంటుంది. దిగుబడి మీద నిజంగా దెబ్బపడేది పొట్ట దశ నుంచి ఈనిక దాకా, పోటాకు దెబ్బతిన్నప్పుడు. గింజకు పాలు పట్టించేది ముఖ్యంగా ఆ ఆకే.

అందుకే వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఒక హద్దు చెబుతాయి. ఆ హద్దు దాటితే తప్ప మందుకు పెట్టిన ఖర్చు తిరిగి రాదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే హద్దు ఇది: పెరిగే దశలో 10 శాతం ఆకులు, పూత దశలో 5 శాతం పోటాకులు దెబ్బతినాలి. దీన్ని తేల్చడానికి గట్టు మీద నిలబడి చూస్తే చాలదు. చేలో మూల నుంచి మూలకు నడుస్తూ ఒక ఇరవై దుబ్బుల్లో ఆకులు లెక్కపెట్టాలి, ముడతలు విప్పి చూడాలి. వారానికి ఒకసారైనా ఈ పని చేయాలి.

ఈ విషయాన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన దేశం వియత్నాం. 1990లలో మెకాంగ్ డెల్టాలో రైతులు వరి నాటిన తొలి వారాల్లోనే ఆకు తినే పురుగులకు, ముఖ్యంగా ఆకుముడతకు, మందులు కొట్టేవారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె.ఎల్. హియాంగ్, పరిశోధకురాలు ఎం.ఎం. ఎస్కలాడా స్థానిక అధికారులతో కలిసి వాళ్లకు ఉపన్యాసాలివ్వలేదు. ఒక చిన్న ప్రయోగం చేసి చూడమన్నారు. పొలంలో ఒక ముక్కలో తొలి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టకుండా వదిలేసి, కోతలప్పుడు మిగతా పొలంతో పోల్చుకోమన్నారు. 1994లో లాంగ్ ఆన్ రాష్ట్రంలో రేడియో నాటికలు, పోస్టర్లతో ఇదే సందేశాన్ని ఊరూరా తీసుకెళ్లారు. అక్కడ సీజన్‌కు సగటున మూడుకు పైగా ఉన్న పిచికారీలు సుమారు సగానికి పడిపోయాయి. దిగుబడి మాత్రం తగ్గలేదు.

ఇండోనేషియా ప్రభుత్వం అంతకుముందే ఇంకో పాఠం నేర్చుకుంది. విచ్చలవిడిగా కొట్టిన మందులు మిత్ర పురుగులను చంపడంతో సుడిదోమ విజృంభించింది. 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989 నాటికి పురుగుమందులపై ఇచ్చే సబ్సిడీని పూర్తిగా ఎత్తేశారు. రైతులు చేలోనే కూర్చుని పురుగులను గమనించి నేర్చుకునే పొలంబడులు అక్కడి నుంచే ప్రపంచానికి తెలిశాయి.

ఆకుముడత విషయంలోనూ ఇదే జరుగుతుంది. ట్రైకోగ్రామా అనే కంటికి సరిగా ఆనని కందిరీగ జాతి పురుగు దాని గుడ్లలో తన గుడ్లు పెట్టి చంపేస్తుంది. సాలీళ్లు, తూనీగలు, అక్షింతల పురుగులు దాన్ని తింటాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ల వంటి మందులు తొలి దశలోనే కొడితే ముందు చచ్చేవి ఇవే. గొట్టంలో భద్రంగా దాక్కున్న ఆకుముడత కొన్ని రోజులకు రెట్టింపై తిరిగొస్తుంది. అప్పుడు షాపులో ఇంకో డబ్బా కొనాలి.

కౌలుదారు ఎందుకు ఆగలేడు

ఇంత తెలిసినా మన పల్లెల్లో మందు ఎందుకు ఆగడం లేదు? "అవగాహన లేదు" అన్నది అధికారుల సులువైన జవాబు. అవగాహన సదస్సు పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోతే సరిపోతుంది కదా. అసలు కారణం చేను ఎవరిది, అప్పు ఎవరిది అన్న లెక్కలో ఉంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాల్లో దళితులవి సుమారు 12 శాతం. సాగు విస్తీర్ణంలో వాళ్ల వాటా 9 శాతం కంటే తక్కువ. 2011 జనాభా లెక్కలు చూస్తే వ్యవసాయంలో పనిచేసే ప్రతి పదిమంది దళితుల్లో ఏడుగురికి పైగా కూలీలు. సొంత భూమి లేని దళితుడు సాగుదారు కావాలంటే ఉన్న దారి కౌలే. డెల్టాలో కౌలు అంటే ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకోవడం. తుఫాను వచ్చినా, పురుగు పడినా కామందుకు ఆ బస్తాలు కొలవాల్సిందే. పంట నష్టం మొత్తం కౌలుదారు నెత్తిన పడుతుంది.

బ్యాంకు అతనికి అప్పివ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇస్తామంది. దాని స్థానంలో వచ్చిన 2019 సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తుంది, కానీ దానికి భూ యజమాని ఒప్పుకోవాలి. తన భూమి మీద ఇంకొకరి పేరు కాగితం ఎక్కడానికి ఎంతమంది యజమానులు సంతకం పెడతారు? తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే డబ్బిచ్చింది. కౌలు రైతులకూ ఎకరాకు ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తామన్న 2023 ఎన్నికల హామీ, 2025 జనవరిలో రైతు భరోసాగా మొదలయ్యేసరికి పట్టాదారులకు 12,000 రూపాయలుగా మారింది.

అందుకే కౌలుదారుకు అప్పిచ్చేది మందుల షాపే. విత్తనం, ఎరువు, మందు ముగ్గురికీ ఒకే ఖాతా. చాలా చోట్ల పంట కొనేదీ ఆ షాపే, లేదా ఆ షాపు చెప్పిన వ్యాపారే. అలాంటప్పుడు "పది రోజులు ఆగి చూద్దాం" అని కౌలుదారు ఎలా అనగలడు? ఆగి నష్టపోతే బాకీ తీర్చలేదని నిందపడేది అతని మీదే. మందు కొట్టి నష్టపోతే "చేయాల్సింది చేశాను" అనైనా చెప్పుకోవచ్చు. పిచికారీ అతనికి ఒక రకమైన బీమా. నష్టం వస్తే నిలబడే ఆసరా ఉన్నవాడే చేలో ముడతలు లెక్కపెడుతూ ఎదురుచూడగలడు. మన పల్లెల్లో ఆ ఆసరా ఇంకా భూమిని, కులాన్ని బట్టే దొరుకుతోంది.

మందు ఎక్కడ పడుతుంది

పంపు మోసేవాడి ఒంటి సంగతి చూద్దాం. పురుగుమందు శరీరంలోకి ఎక్కువగా పోయేది చర్మం ద్వారానే. వరి చేలో ఆ మనిషి నడుము ఎత్తు తడి ఆకుల మధ్య, బురదలో, చాలాసార్లు ఒట్టి కాళ్లతో నడుస్తాడు. ముందు కొట్టిన ఆకులే అతని తొడలకు, చేతులకు రాసుకుంటాయి. గాలి ఎదురైతే మందు ముఖం మీదే పడుతుంది. డబ్బా కారితే వీపు తడుస్తుంది. మరుసటి రోజు అదే చేలో కలుపు తీయడానికి ఆడవాళ్లు దిగుతారు. పిచికారీ జరిగిందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఫర్వాలేదని కాదు, మిగతావాటికంటే విషం తక్కువని మాత్రమే. ఆకుముడతకు వ్యవసాయ శాఖ ఇప్పుడు చెప్పే క్లోరంట్రానిలిప్రోల్ లాంటి మందులు తక్కువ విషం ఉన్నవే, ఎకరాకు 60 మిల్లీలీటర్లు చాలు. కానీ ధర ఎక్కువ. పాత తరం ఆర్గానోఫాస్ఫేట్ మందులు చవక. అరువు ఖాతా ఉన్న చోట చవక మందే చేలోకి వస్తుంది. రెండు మూడు మందులు ఒకే బకెట్‌లో కలిపితే ఏ డబ్బా మీది హెచ్చరికా పనికిరాదు.

నోట్లో నీళ్లూరడం, విపరీతమైన చెమట, వాంతులు, కళ్లు మసకబారడం, కండరాలు వణకడం, ఊపిరాడకపోవడం ఆర్గానోఫాస్ఫేట్ విషం ఎక్కిందనడానికి గుర్తులు. "ఎండ దెబ్బ" అని చెట్టు కింద పడుకోబెట్టకూడదు. బట్టలు విప్పించి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డబ్బా చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తి చేలకు మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలీలు ఉన్నారు. పత్తిలో అంతమంది ఒకేసారి చనిపోయారు కాబట్టి దేశం చూసింది. వరి చేలల్లో ఒక్కొక్కరుగా కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు వార్త కారు.

మందు లేని పనులు, వాటికి పట్టే శ్రమ

ఆకుముడతను అదుపులో పెట్టే పనుల్లో చాలావాటికి షాపుతో పని లేదు. యూరియా ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆకు మెత్తగా, ముదురు పచ్చగా మారి పురుగును పిలుస్తుంది. దాన్ని మూడు దఫాలుగా వేయాలి. నాట్లు మరీ ఒత్తుగా వేయకూడదు. గట్ల మీద గడ్డి తీసేయాలి, ఎందుకంటే అక్కడ కూడా ఈ పురుగు బతుకుతుంది. చెట్ల నీడ పడే చోట ముందుగా చూసుకోవాలి. ముడతలు మొదలైనప్పుడు ఇద్దరు మనుషులు చేనుకు అటూ ఇటూ నిలబడి తాడు గానీ, ముళ్లకంప గానీ ఆకుల మీదుగా లాగితే ముడతలు విచ్చుకుని పురుగులు నీళ్లలో పడతాయి. 5 శాతం వేప గింజల కషాయం తొలి దశలో పనికొస్తుంది. ట్రైకోగ్రామా గుడ్ల కార్డులు నాటిన ఐదారు వారాల నుంచి వారం తేడాతో మూడుసార్లు కట్టొచ్చు. ఇవన్నీ చేసినా పొట్ట దశలో హద్దు దాటితే అప్పుడు, తక్కువ విషం ఉన్న మందు ఒక్కటే, చెప్పిన మోతాదులో.

ఇది మన నేలకు కొత్త కాదు. ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే పురుగుమందులు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. ఆ అనుభవం మీదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు విస్తరించింది.

అయితే ఈ జాబితాలో ప్రతి పనీ మనిషి శ్రమే. గట్టు చెక్కడం, తాడు లాగడం, కషాయం కాయడం, ముడతలు లెక్కపెట్టడం. సహజ సాగు గురించి మాట్లాడేవాళ్లు "ఖర్చు లేని సాగు" అన్నప్పుడు ఆ ఖర్చు ఎవరి ఒంటి నుంచి వస్తుందో అడగాలి. డబ్బా కొనడం మానేసి మిగిలిన డబ్బులో కూలి పెరగకపోతే, విషం పోయి వెట్టి మిగులుతుంది.

చట్టంలో ఉన్నవి, మనం అడగాల్సినవి

1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు మందు చల్లేవాళ్లకు రక్షణ దుస్తులు, ప్రథమ చికిత్స, శిక్షణ ఉండాలంటాయి. విష ప్రభావానికి గురైన ఘటనలను తెలియజేయాలని ఆదేశించే అధికారం చట్టంలోని 26వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండో షెడ్యూలులో వ్యవసాయ పనుల్లో పురుగుమందులు చల్లేవాళ్లు కూడా ఉన్నారు. అంటే మందు కొడుతూ చనిపోయిన, అంగవైకల్యం పొందిన కూలీకి పరిహారం దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. ఈ చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా కోడ్ అమలులో ఈ రక్షణ పలచబడకుండా చూసుకోవాల్సిన బాధ్యత సంఘాలది. మన ఊళ్లలో ఎంతమంది కూలీలకు ఈ సంగతి తెలుసు? ఎన్ని కూలి సంఘాలు ఈ క్లెయిమ్ వేశాయి?

ప్రభుత్వం వైపు లోటు కూడా పెద్దదే. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి. ఒక్క మనిషి అన్ని చేలల్లో ముడతలు విప్పి చూడలేడు. కానీ ఆ ఐదు వేల ఎకరాల్లో రోజూ వందల మంది కూలీలు దిగుతారు. పొలంబడి పెడితే పట్టా పుస్తకం ఉన్నవాళ్లనే పిలవడం మానాలి. మందు కొట్టేవాళ్లను, కలుపు తీసే ఆడవాళ్లను కూలి ఇచ్చి కూర్చోబెట్టాలి. వారానికోసారి చేలో పురుగులు లెక్కపెట్టే పనిని పనిగా గుర్తించి, దళితవాడ యువతకు, మహిళలకు శిక్షణ ఇచ్చి, దానికి జీతం కట్టాలి. వాళ్లు "హద్దు దాటలేదు" అని రాసిచ్చిన కాగితానికి విలువ ఉండాలి. దాన్ని నమ్మి మందు ఆపిన కౌలుదారుకు పంట నష్టం వస్తే బీమా వర్తించాలి. అలా చేస్తే ఆగడానికి ధైర్యం వస్తుంది.

వ్యవసాయ విద్యార్థులు, పరిశోధకులు ఈ సీజన్‌లోనే ఒక పని చేయొచ్చు. మీ ఊళ్లో ఎన్ని పిచికారీలు జరిగాయి, ఎవరు నిర్ణయించారు, ఎవరు కొట్టారు, కొట్టిన రోజు వాళ్ల ఒంట్లో ఎలా ఉంది అన్నది వాడ వారీగా రాసి పెట్టండి. ప్రభుత్వ లెక్కల్లో ఎన్ని ఎకరాలకు ఆకుముడత సోకిందో ఉంటుంది, ఎంతమంది కూలీలకు విషం సోకిందో ఉండదు. ఆ రెండో లెక్క చేతిలో ఉంటేనే కలెక్టరేట్‌లో గానీ, కూలి రేట్ల బేరంలో గానీ, లేబర్ అధికారి ముందు గానీ మన మాట నిలుస్తుంది. కూలి రేటు మాట్లాడుకునే రోజు మూడు విషయాలు కూడా మాట్లాడుకోండి: చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు, ముఖానికి మాస్కు ఎవరు కొంటారు? డబ్బా మీద ఏ రంగు త్రికోణం ఉందో ముందే చూపిస్తారా? ఈ చేలో ముడతలు ఎవరు విప్పి చూశారు, ఎన్ని ఉన్నాయి? మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే పంపు ఎత్తాల్సిన అవసరం లేదు.